ఒకే వార్ ఫైల్, నాలుగు సర్వర్లు: ఓపెన్ సోర్స్ వెబ్ అప్లికేషన్‌ని కమర్షియల్ అప్లికేషన్ సర్వర్ల మీద టెస్టు చేయడం ఎలా?

టామ్‌క్యాట్ అనే ఉచిత జావా సర్వర్ మీద హాయిగా నడిచే ఓపెన్ సోర్స్ అప్లికేషన్‌కి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫిర్యాదు వస్తుంది: "మా ఆఫీసులో వెబ్‌లాజిక్ మీద పెట్టాం, అసలు లేవడమే లేదు." కోడ్ రాసినవాళ్ల దగ్గర ఒరాకిల్ కంపెనీ అమ్మే ఆ వెబ్‌లాజిక్ సర్వర్ ఉండదు. వాడేవాళ్ల ఆఫీసు వేరే సర్వర్‌కి ఒప్పుకోదు. ఇక ఆ ఇష్యూ ఎవరూ ముట్టుకోకుండా నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. మంచి అప్లికేషన్‌ని ఈ ఒక్క కారణంతో పక్కన పెట్టేయడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు దాన్ని సరిచేయడానికి నాలుగు లైన్ల కాన్ఫిగరేషన్ చాలు.

జావాలో రాసి, వార్ ఫైల్‌గా (వెబ్ అప్లికేషన్ మొత్తాన్ని ఒకే ఫైల్‌లో మూటగట్టిన ఆర్కైవ్) విడుదల చేసే అప్లికేషన్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. నాలుగు సర్వర్లంటే ఒరాకిల్ వెబ్‌లాజిక్, ఐబీఎం ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్, ఐబీఎందే వెబ్‌స్ఫియర్ లిబర్టీ, రెడ్ హ్యాట్ జేబాస్ ఈఏపీ. దీనికంతటికీ ఆధారం ఒకటే: ఉన్న టెస్టులన్నీ ప్రతి సర్వర్ మీదా మళ్లీ నడపక్కర్లేదు. లెక్కలు కట్టే కోడ్, రిపోర్టు తయారుచేసే కోడ్ ఎక్కడైనా ఒకేలా పనిచేస్తాయి. తేడాలన్నీ అప్లికేషన్ సర్వర్‌ని తాకే చోట్లే వస్తాయి. క్లాస్‌లోడింగ్ (ఏ లైబ్రరీ కోడ్ ఎక్కడి నుంచి లోడ్ అవుతుందన్నది), జేఎన్‌డీఐ (సర్వర్ దగ్గరున్న వనరుల్ని పేరుతో అడిగే పద్ధతి), లాగిన్, సెషన్, థ్రెడ్లు, ఫైల్ పాత్‌లు, అక్షరాల ఎన్‌కోడింగ్. మీ శ్రమంతా అక్కడే పెట్టండి.

ముందు వెర్షన్లు తేల్చుకోండి

ఏ సర్వర్ అన్నదానికంటే ఏ వెర్షన్ అన్నది ముఖ్యం. జావా ఈఈ (జావా అప్లికేషన్లకి సర్వర్ ఏమేం అందించాలో చెప్పే ప్రమాణం) ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లి జకార్తా ఈఈ అయ్యాక, 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారిపోయాయి. దాంతో సర్వర్లు రెండు గుంపులయ్యాయి. టామ్‌క్యాట్ 9, వెబ్‌లాజిక్ 12.2.1.4 నుంచి 14.1.2 దాకా, ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్ 9.0.5, జేబాస్ ఈఏపీ 7.4, ఇవన్నీ పాత పేర్ల గుంపు. టామ్‌క్యాట్ 10, ఆపైన వచ్చినవి, జేబాస్ ఈఏపీ 8 కొత్త పేర్ల గుంపు. వెబ్‌స్ఫియర్ లిబర్టీ మాత్రం రెండు వైపులా ఉంటుంది. సర్వర్ కాన్ఫిగరేషన్‌లో సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులకి జవాబిచ్చే జావా భాగం) 4.0 ఫీచర్ రాస్తే పాత పేర్లు, 5.0 గానీ 6.0 గానీ రాస్తే కొత్త పేర్లు.

పాత పేర్లతో కట్టిన వార్‌ని కొత్త గుంపు సర్వర్‌లో పెడితే పెద్ద ఎర్రర్ ఏదో వస్తుందని ఎదురుచూడకండి. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేకుండా అప్లికేషన్ డిప్లాయ్ అయిపోయి (అంటే సర్వర్‌లోకి ఎక్కిపోయి), ప్రతి పేజీకీ 404 ఇవ్వడం మామూలే. మీ సర్వ్‌లెట్లని సర్వర్ అసలు గుర్తించలేదన్నమాట. ఇది తెలియకపోతే రోజంతా యూఆర్ఎల్ సరిగ్గా ఉందా లేదా అని వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

జావా వెర్షన్ కూడా చూసుకోవాలి. ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్ 9.0.5 జావా 8 మీదే నడుస్తుంది. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ 6వ వెర్షన్‌కి కనీసం జావా 17, జకార్తా ఈఈ 9 ఉండాలి. కాబట్టి మీ ప్రాజెక్టు స్ప్రింగ్ 6కి వెళ్లిపోయి ఉంటే ఆ వెబ్‌స్ఫియర్ మీద టెస్టు చేయడమే దండగ. "పాత బ్రాంచ్ వాడుకోండి, లేదా లిబర్టీకి మారండి" అని డాక్యుమెంటేషన్‌లో సూటిగా రాసేయండి. ఆశపెట్టి తిప్పించడం కంటే అదే నయం.

ఈ నాలుగింట్లో రెండు మూడింటికి మించి తలకెత్తుకోకండి. ఇష్యూల్లో ఏ పేర్లు ఎక్కువసార్లు వస్తున్నాయో చూసి, వాటినే తీసుకోండి.

సర్వర్లు తెచ్చుకోవడం, లైసెన్స్ చదవడం

కమర్షియల్ సర్వర్ అనగానే డబ్బు కట్టాలేమో అని చాలామంది వెనక్కి తగ్గుతారు. డెవలపర్ల కోసం వీటికి ఉచిత మార్గాలున్నాయి. ఒరాకిల్ ఖాతా తెరిచి షరతులు ఒప్పుకుంటే వెబ్‌లాజిక్‌ని డెవలపర్ లైసెన్స్ కింద దించుకోవచ్చు, ఒరాకిల్ కంటైనర్ రిజిస్ట్రీలో ఇమేజ్ (సర్వర్ ముందే అమర్చి ఉన్న, నేరుగా నడపగలిగే ప్యాకేజీ) కూడా ఉంటుంది. రెడ్ హ్యాట్ డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరితే జేబాస్ ఈఏపీ దొరుకుతుంది. ఐబీఎం కూడా డెవలపర్ల కోసం వెబ్‌స్ఫియర్ ఎడిషన్, కంటైనర్ ఇమేజ్‌లు ఇస్తుంది.

ఇంకో దారి ఉంది. జేబాస్ ఈఏపీకి మూలం వైల్డ్‌ఫ్లై, వెబ్‌స్ఫియర్ లిబర్టీకి మూలం ఓపెన్ లిబర్టీ. రెండూ ఓపెన్ సోర్సే. రోజువారీ టెస్టులు వీటి మీద నడిపి, రిలీజ్‌కి ముందు మాత్రమే అసలు కమర్షియల్ సర్వర్ మీద చూసుకుంటే బోలెడు పని తగ్గుతుంది. వెబ్‌లాజిక్‌కి, ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌కి ఇలాంటి ఓపెన్ సోర్స్ రూపం లేదు. వాటిని నేరుగా పెట్టుకోవాల్సిందే.

లైసెన్స్ మాత్రం ఓపిగ్గా చదవండి. సర్వర్ జార్ ఫైళ్లని (జావా లైబ్రరీల మూటలని) మీ రిపాజిటరీలో కమిట్ చేయకూడదు. సర్వర్‌తో కలిపి కట్టిన డాకర్ ఇమేజ్‌ని పబ్లిక్ రిజిస్ట్రీలోకి నెట్టకూడదు. కొన్ని లైసెన్సులు ముందస్తు అనుమతి లేకుండా వేగం కొలతలు ప్రచురించడానికి కూడా ఒప్పుకోవు. అందుకే "ఇది నడిచింది, ఇది నడవలేదు" అన్నంత వరకే రాయండి, ఏది వేగంగా నడిచిందన్న పోలిక జోలికి పోకండి.

వార్ ఒక్కటే ఉండాలి

సర్వర్‌కో వార్ కట్టడం మొదలుపెడితే రెండో రిలీజ్‌కే చేతులెత్తేస్తారు. ఒకే వార్ కట్టండి, అదే ఫైల్‌ని అన్ని చోట్లా పెట్టండి. వెబ్‌లాజిక్ కోసం రాసిన డిస్క్రిప్టర్‌ని (సర్వర్‌కి సూచనలిచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌ని) జేబాస్ చదవదు, జేబాస్‌ది వెబ్‌లాజిక్ చదవదు. కాబట్టి అన్నీ వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్నా ఇబ్బంది లేదు. డేటాబేస్ అడ్రస్, మెయిల్ సర్వర్, అప్‌లోడ్ ఫోల్డర్ లాంటివి వార్ బయట, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోనో సిస్టమ్ ప్రాపర్టీస్‌లోనో పెట్టండి.

ఇక అప్లికేషన్‌లో ఒక చిన్న పరీక్ష పేజీ పెట్టుకోండి. అడ్మిన్‌కి మాత్రమే కనబడాలి. సర్వర్ పేరు, వెర్షన్, జావా వెర్షన్, జేవీఎం (జావా కోడ్‌ని నడిపే ఇంజిన్) ఎవరిది, డిఫాల్ట్ ఎన్‌కోడింగ్, డేటాసోర్స్ (సర్వర్ అందించే డేటాబేస్ కనెక్షన్) దొరికిందా లేదా, ముఖ్యమైన నాలుగైదు లైబ్రరీలు ఏ జార్ నుంచి లోడ్ అయ్యాయి, ఇవన్నీ అందులో రావాలి. చివరిదే అన్నిటికంటే విలువైనది. ఒక క్లాస్ ఏ జార్ నుంచి వచ్చిందో దాని ప్రొటెక్షన్ డొమైన్‌లోని కోడ్‌సోర్స్ చెబుతుంది. ఈ పేజీ ఉంటే ఫిర్యాదు చేసినవాళ్లని పది ప్రశ్నలు అడగక్కర్లేదు, "ఆ పేజీ కాపీ చేసి పంపండి" అంటే చాలు.

మొదటి డిప్లాయ్‌మెంట్: క్లాస్‌లోడింగ్

ఎక్కువ గొడవలు ఇక్కడే. టామ్‌క్యాట్ మీ వార్‌లోని లైబ్రరీకే మొదటి అవకాశం ఇస్తుంది. వెబ్‌లాజిక్, ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్ మామూలుగా తమ దగ్గరున్న లైబ్రరీని ముందు చూస్తాయి. వాటి లోపల ఎప్పటివో ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సర్లు, లాగింగ్ జార్‌లు, ఇంకా ఎన్నో ఉంటాయి. మీరు వార్‌లో కొత్త వెర్షన్ పెట్టినా, నడిచేది సర్వర్‌లోని పాతదే.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ డేటాబేస్‌తో మాట్లాడే హైబర్నేట్ అనే లైబ్రరీ 5, అంతకుముందు వెర్షన్లతో వెబ్‌లాజిక్ మీద కనబడేది. అప్లికేషన్ శుభ్రంగా లేస్తుంది, లాగిన్ పేజీ వస్తుంది. మొదటి హెచ్‌క్యూఎల్ (హైబర్నేట్ సొంత క్వెరీ భాష) క్వెరీ నడవగానే హెచ్‌క్యూఎల్‌టోకెన్ అనే క్లాస్ దొరకలేదని క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్. వార్ విప్పి చూస్తే ఆ క్లాస్ హైబర్నేట్ జార్‌లో భద్రంగా ఉంటుంది! ఏం జరిగిందంటే, హైబర్నేట్ క్వెరీని చదవడానికి యాంట్లర్ లైబ్రరీని పిలిచింది. వెబ్‌లాజిక్ తన సొంత యాంట్లర్‌ని ఇచ్చింది. అది సర్వర్ క్లాస్‌లోడర్‌లో ఉంది కాబట్టి దానికి పైవన్నీ కనబడతాయి గానీ, కిందున్న మీ వార్‌లోని హైబర్నేట్ కనబడదు. అందుకే కళ్లముందున్న క్లాస్ దానికి లేనట్టే.

మందు వెబ్‌లాజిక్ డిస్క్రిప్టర్‌లో ఉంది. కంటైనర్-డిస్క్రిప్టర్ కింద ప్రిఫర్-అప్లికేషన్-ప్యాకేజెస్ అనే ట్యాగ్ తెరిచి, యాంట్లర్ ప్యాకేజీ పేరు రాయండి. ఎస్‌ఎల్‌ఎఫ్4జే లాంటి ఇతర లైబ్రరీలు గొడవ చేస్తే వాటినీ అక్కడే చేర్చండి. వెబ్-ఇన్ఫ్‌లో ఉన్నవన్నీ ముందు చూడు అనే ఇంకో స్విచ్ కూడా ఉంది గానీ, నా మాటగా ప్యాకేజీల జాబితానే వాడండి. మొత్తం తిప్పేస్తే ఒకటి సరి అయ్యి ఇంకోటి విరుగుతుంది, ఏది ఎందుకు విరిగిందో చెప్పడం కష్టం. ఏ క్లాసులు రెండు చోట్లా ఉన్నాయో తెలుసుకోవడానికి వెబ్‌లాజిక్‌లోనే క్లాస్‌లోడర్ అనాలిసిస్ టూల్ ఉంది. అది వేరే ఎక్కడా ఇంత సులువుగా దొరకదు, తప్పక వాడండి.

ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌లో ఈ క్రమాన్ని మార్చడానికి పేరెంట్-లాస్ట్ అనే సెట్టింగ్ ఉంది. అది డిప్లాయ్ చేశాక అడ్మిన్ కన్సోల్‌లో పెట్టేది. మనిషి ప్రతిసారీ గుర్తుపెట్టుకుని క్లిక్ చేయాలంటే ఒకరోజు మర్చిపోవడం ఖాయం. డబ్ల్యూఎస్‌అడ్మిన్ టూల్‌కి ఒక జైథాన్ స్క్రిప్ట్ రాసి, దాన్ని మీ ప్రాజెక్టులోనే ఉంచండి. లిబర్టీలో అదే పని సర్వర్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో అప్లికేషన్ కింద క్లాస్‌లోడర్ డెలిగేషన్ మారిస్తే అయిపోతుంది.

జేబాస్ ఈఏపీ తీరు వేరు. అక్కడ మాడ్యూళ్లు వేరువేరుగా ఉంటాయి కాబట్టి పాత జార్ మీద పడదు గానీ, సర్వర్ అతి చొరవ చూపిస్తుంది. మీ వార్‌లో జెర్సీ అనే రెస్ట్ (వెబ్ ద్వారా వేరే ప్రోగ్రాములకి డేటా ఇచ్చే పద్ధతి) లైబ్రరీ ఉన్నా, రెస్ట్ అనోటేషన్లు కనబడగానే తన సొంత రెస్ట్ లైబ్రరీ అయిన రెస్ట్‌ఈజీని జోడిస్తుంది. పర్సిస్టెన్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ కనబడితే తన జేపీఏని (డేటాబేస్ పని చూసే భాగాన్ని) లేపుతుంది. వద్దనుకున్న సబ్‌సిస్టమ్‌ని జేబాస్ డిప్లాయ్‌మెంట్ స్ట్రక్చర్ ఫైల్‌లో ఎక్స్‌క్లూడ్ చేయాలి.

ఒక గుర్తు మనసులో పెట్టుకోండి. లాగ్‌లో "ఫలానా క్లాస్‌ని అదే క్లాస్‌గా క్యాస్ట్ చేయలేం" అని రెండు వైపులా ఒకే పేరుతో ఎర్రర్ కనబడితే, ఒకే క్లాస్ రెండు క్లాస్‌లోడర్ల నుంచి వచ్చిందని అర్థం. కోడ్‌లో వెతకకండి, వార్‌లోంచి ఏ జార్ తీసేయాలో చూడండి. సర్వ్‌లెట్ ఏపీఐ జార్ పొరపాటున వార్‌లోకి వచ్చిందేమో ముందు చూడాలి. మేవెన్ అనే బిల్డ్ టూల్‌లో దాని స్కోప్ ప్రొవైడెడ్ (అంటే సర్వరే ఇస్తుంది) అని ఉండాలి.

ఎర్రర్ కోసం ఎక్కడ చూడాలంటే: వెబ్‌లాజిక్‌లో డొమైన్ (ఒకే కాన్ఫిగరేషన్ కింద నడిచే సర్వర్ల గుంపు) ఫోల్డర్ కింద సర్వర్స్, అందులో సర్వర్ పేరు, అందులో లాగ్స్. ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌లో ప్రొఫైల్ కింద లాగ్స్‌లో సిస్టమ్‌అవుట్.లాగ్. లిబర్టీలో మెసేజెస్.లాగ్. జేబాస్‌లో స్టాండలోన్ కింద లాగ్ ఫోల్డర్‌లో సర్వర్.లాగ్.

డేటాసోర్స్

టామ్‌క్యాట్‌లో జావా-కాంప్-ఎన్వ్ కింద పేరు అడిగితే దొరుకుతుంది. జేబాస్‌లో డేటాసోర్స్ పేరు జావా-కోలన్-స్లాష్‌తోనో, జావా-కోలన్-జేబాస్‌తోనో మొదలవ్వాలి. వెబ్‌లాజిక్‌లో మామూలు పేరే పెడతారు. అందుకని కోడ్‌లో ఏ సర్వర్ పేరూ రాయకుండా, వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక రిసోర్స్-రెఫ్ పెట్టి, ఆ పేరుని అసలు పేరుకి కలిపే పని ఆయా సర్వర్ డిస్క్రిప్టర్‌కి వదిలేయండి.

కనెక్షన్ దొరికాక ఇంకో పరీక్ష ఉంది. కమర్షియల్ సర్వర్లు డ్రైవర్ ఇచ్చిన కనెక్షన్‌ని తమ సొంత క్లాస్‌లో చుట్టి ఇస్తాయి. మీ కోడ్ ఎక్కడైనా దాన్ని డేటాబేస్ కంపెనీ క్లాస్‌గా నేరుగా క్యాస్ట్ చేస్తే అక్కడే విరుగుతుంది. అన్‌ర్యాప్ మెథడ్ వాడితే అన్ని చోట్లా నడుస్తుంది.

లాగిన్, సెషన్

మీ రెస్ట్ ఏపీఐ బేసిక్ ఆథెంటికేషన్ హెడర్ తీసుకుని, యూజర్లని మీ సొంత టేబుల్‌లో సరిచూసుకుంటుందా? అయితే వెబ్‌లాజిక్ మీద సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా 401 వస్తుంది, మీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా నడవదు. ఆ హెడర్ కనబడగానే వెబ్‌లాజిక్ తన సొంత యూజర్ల జాబితాలో వెతికి, లేరని తిప్పి పంపేస్తుంది. డొమైన్ కాన్ఫిగ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఎన్‌ఫోర్స్-వాలిడ్-బేసిక్-ఆథ్-క్రెడెన్షియల్స్‌ని ఫాల్స్ చేస్తే ఆగుతుంది. ఇది డొమైన్ మొత్తానికీ వర్తించే మార్పు, వార్‌లోంచి పెట్టలేం. కాబట్టి ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో మొదట్లోనే రాయండి. ఈ ఒక్క లైన్ రాసి ఉంటే ఎంతమందికి టెన్షన్ తప్పుతుందో చెప్పలేను.

సెషన్‌ని టెస్టు చేయాలంటే ఒక్క సర్వర్ చాలదు. కమర్షియల్ సర్వర్ వాడేవాళ్లు సాధారణంగా క్లస్టర్‌లోనే (ఒకే అప్లికేషన్‌ని కలిసి నడిపే సర్వర్ల గుంపులో, ఒక్కో సర్వర్ ఒక నోడ్) నడుపుతారు. రెండు నోడ్‌లు లేపండి, లాగిన్ అవ్వండి, సగం ఫారం నింపండి, మీ సెషన్ ఉన్న నోడ్‌ని ఆపేయండి, సేవ్ నొక్కండి. లాగిన్ పేజీకి వెళ్లిపోతే, సెషన్‌లో పెట్టిన ఏదో ఆబ్జెక్ట్ సీరియలైజబుల్ (వేరే నోడ్‌కి పంపేలా బైట్లుగా మార్చగలిగేది) కాదేమో చూడండి. జేబాస్‌లో అయితే వెబ్.ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో డిస్ట్రిబ్యూటబుల్ ట్యాగ్ ఉందో లేదో కూడా చూడాలి.

ఫైళ్లు, ఫిల్టర్లు, థ్రెడ్లు

గెట్‌రియల్‌పాత్ మీద ఆధారపడిన కోడ్ ఏదైనా ఉంటే ముందే తీసేయండి. వార్‌ని విప్పకుండా ఆర్కైవ్‌గా డిప్లాయ్ చేస్తే వెబ్‌లాజిక్ దానికి నల్ ఇస్తుంది. టెంప్లేట్లు చదవడానికి గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ వాడండి, అప్‌లోడ్ ఫైళ్లకి బయట ఫోల్డర్ పెట్టండి.

స్ట్రట్స్, వికెట్ లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు ఫిల్టర్ (రిక్వెస్ట్‌ని ముందుగా అందుకునే కోడ్) ద్వారా నడుస్తాయి. ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌లో ఆ యూఆర్ఎల్‌కి నిజంగా ఫైల్ లేకపోతే ఫిల్టర్ దాకా రాకుండానే ఎస్‌ఆర్‌వీఈ0190ఈ, ఫైల్ దొరకలేదు అని వస్తుంది. వెబ్ కంటైనర్ కస్టమ్ ప్రాపర్టీల్లో ఇన్వోక్‌ఫిల్టర్స్‌కంపాటిబిలిటీని ట్రూ చేయాలి. ఎస్‌ఆర్‌వీఈ0255ఈ వస్తే మాత్రం అది వేరే సంగతి: ఆ పోర్టు వర్చువల్ హోస్ట్ జాబితాలో లేదు, లేదా ఆ కాంటెక్స్ట్ రూట్‌తో అప్లికేషన్ నడవడం లేదు.

బ్యాక్‌గ్రౌండ్ పనులు విడిగా చూడండి. మెయిళ్లు పంపడానికో, రాత్రి రిపోర్టుకో మీ కోడ్ సొంతంగా థ్రెడ్ సృష్టించి, అందులోంచి జావా-కాంప్-ఎన్వ్ పేరు అడిగితే వెబ్‌స్ఫియర్ ఒప్పుకోదు. ఎన్‌ఎమ్‌ఎస్‌వీ0310ఈ అనే మెసేజ్ వస్తుంది. ఈ థ్రెడ్ ఏ అప్లికేషన్‌దో తనకు తెలియడం లేదని దాని సారాంశం. జావా ఈఈ 7 నుంచి ఉన్న మేనేజ్డ్ ఎగ్జిక్యూటర్ సర్వీస్ వాడటం సరైన దారి. అది కుదరకపోతే, అప్లికేషన్ లేచేటప్పుడే డేటాసోర్స్‌ని అడిగి తీసుకుని థ్రెడ్‌కి అందించండి. ఈ లోపం పేజీలు క్లిక్ చేస్తే కనబడదు. టెస్టులో బ్యాక్‌గ్రౌండ్ పనిని కావాలని నడిపించాలి.

జేవీఎం కూడా మారుతుంది. ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్ ఐబీఎం సొంత జావా మీద నడుస్తుంది. సర్టిఫికెట్లు చదివే కోడ్‌లో సన్‌ఎక్స్509 అని అల్గారిథం పేరు నేరుగా రాసి ఉంటే అక్కడ దొరకదు. జేవీఎం ఇచ్చే డిఫాల్ట్ అల్గారిథం అడిగి తీసుకోండి.

అక్షరాలు

పరీక్ష డేటాలో తెలుగు, అరబిక్, చైనీస్ పేర్లు తప్పకుండా ఉంచండి. ఒకే పేరుని మూడు చోట్ల చూడాలి: ఫారంలో పంపినప్పుడు, యూఆర్ఎల్‌లో సెర్చ్ పదంగా పంపినప్పుడు, డౌన్‌లోడ్ చేసే ఫైల్ పేరుగా పెట్టినప్పుడు. ఒకచోట బాగుండి ఇంకోచోట ప్రశ్న గుర్తులు రావడం చాలా మామూలు. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది. అంతకుముందు వెర్షన్లు ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్ చూసుకుంటాయి. లొకేల్ పెట్టని కంటైనర్‌లో అక్షరాలు పోవడానికి తరచూ ఇదే కారణం.

ఆటోమేట్ చేయండి

పైన చెప్పినవాటికి ఇరవై ముప్ఫై టెస్టులు చాలు. అవన్నీ బయటనుంచి హెచ్‌టీటీపీ ద్వారా నడిచేలా రాయండి, అప్పుడు బేస్ అడ్రస్ మార్చితే ఏ సర్వర్ మీదైనా నడుస్తాయి. డిఫాల్ట్ పోర్టులు వెబ్‌లాజిక్‌కి 7001, వెబ్‌స్ఫియర్, లిబర్టీలకి 9080, జేబాస్‌కి 8080. సర్వర్‌ని లేపి, వార్ పెట్టి, మళ్లీ ఆపే పనికి కార్గో అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, మేవెన్ నుంచే నడుస్తుంది. సర్వర్ లోపల టెస్టులు నడపాలంటే ఆర్కిలియన్ చూడండి.

ప్రతి కమిట్‌కీ ఓపెన్ సోర్స్ సర్వర్ల మీద, రాత్రికొకసారి కమర్షియల్ సర్వర్ల మీద నడపండి. ఇమేజ్‌లు ప్రైవేట్ రిజిస్ట్రీలోనే ఉండాలి, బయటివాళ్లు పంపిన కోడ్‌కి ఆ పాస్‌వర్డ్లు అందకూడదు. డిప్లాయ్‌మెంట్ కమాండ్ సక్సెస్ అన్నంత మాత్రాన నమ్మకండి. జేబాస్ డిప్లాయ్‌మెంట్స్ ఫోల్డర్‌లో వార్ పేరు పక్కన డిప్లాయ్డ్ ఫైల్ వచ్చిందా, ఫెయిల్డ్ ఫైల్ వచ్చిందా చూడండి. మిగతా సర్వర్లలో పరీక్ష పేజీ 200 ఇచ్చేదాకా ఆగి, అప్పుడే టెస్టులు మొదలుపెట్టండి. ఒకసారి అన్‌డిప్లాయ్ చేసి మళ్లీ డిప్లాయ్ చేసే టెస్టు కూడా ఉండాలి, ఆగని థ్రెడ్లు, విడుదల కాని మెమరీ అప్పుడే బయటపడతాయి.

ఫలితాలు రాసిపెట్టండి

ప్రతి రిలీజ్‌తో పాటు ఒక పట్టిక ఇవ్వండి. సర్వర్, దాని పూర్తి వెర్షన్, ప్యాచ్ స్థాయి, జావా వెర్షన్, డేటాబేస్, టెస్టు చేసిన తేదీ, చేయాల్సిన సెట్టింగులు. టెస్టు చేసినవి, వాడేవాళ్లు నడుస్తోందని చెప్పినవి, నడవవని తెలిసినవి, ఈ మూడింటినీ విడివిడిగా చూపండి. రెండో రకానికి వాళ్లు పంపిన పరీక్ష పేజీ కాపీని జతచేసి పెట్టండి. దాంట్లో హోస్ట్ పేర్లు, పాస్‌వర్డ్లు లేకుండా ముందే చూసుకోవాలి. కొత్త ఇష్యూ ఫారంలో కూడా అదే పేజీ కాపీ, సర్వర్ లేచినప్పటి నుంచి మొదటి ఎర్రర్ దాకా ఉన్న లాగ్, క్లస్టరా ఒంటరి సర్వరా, ఈ మూడూ అడగండి. లాగ్‌లో చివరి ఎర్రర్ మాత్రమే పంపితే మళ్లీ అడగండి, అసలు కారణం దాదాపు ఎప్పుడూ మొదటి దాంట్లోనే ఉంటుంది.